నరిటా నుంచి అసకుసా దాకా, పెట్టెలతో సహా

గురువారం

టికెట్ మీద టోక్యో అనే ఉంటుంది గానీ నరిటా విమానాశ్రయం టోక్యోలో లేదు. పక్కనున్న చిబా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రంలాంటిది), నగరం నడిబొడ్డుకి దాదాపు అరవై కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంది. ఆ పొలాల రైతులు ఏళ్ళ తరబడి పోరాడారు. 1978 మార్చి 30న తెరవాల్సింది, సరిగ్గా నాలుగు రోజుల ముందు ఆందోళనకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలు పగలగొట్టారు. చివరికి మే 20న తెరిచారు. చుట్టుపక్కల ఊళ్ళ నిద్ర చెడగొట్టకూడదన్న ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి అర్ధరాత్రి దాటాక ఇక్కడ విమానాలు దిగవు. ఇదంతా నాన్నకి విమానంలోనే చెప్పాను. ఆయన స్టేషన్ మాస్టర్‌గా రిటైరైన మనిషి. విమానాల సంగతి పట్టించుకోలేదు. "అరవై కిలోమీటర్లా? మరి రైలుందా?" అన్నారు.

ఉంది. ఒకటి కాదు, అదే చిక్కు.

మధ్యాహ్నం మూడున్నరకి దిగాం. ఇమిగ్రేషన్ దగ్గర మనవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి: మాది ఈ-వీసా. 2024 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఉండేవాళ్ళకీ ఇస్తున్నారు. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి చూపిస్తే కుదరదు, స్క్రీన్‌షాట్ కూడా కుదరదు. ఫోన్‌లో నెట్ పెట్టుకుని, అక్కడికక్కడ ఈ-వీసా సైటు తెరిచి చూపించాలి. క్యూలో నిలబడ్డాక వైఫై కోసం వెతుక్కోకుండా, విమానం దిగి నడుస్తున్నప్పుడే ఎయిర్‌పోర్ట్ వైఫై పట్టుకోవడం మేలు. విజిట్ జపాన్ వెబ్ అనే ప్రభుత్వ సైటులో ముందే వివరాలు నింపి క్యూఆర్ కోడ్ పెట్టుకున్నాం. దాంతో మెషిన్ దగ్గర పని వేళ్ళు పెట్టడం, ఫోటో దిగడం వరకే. నాన్న వేలిముద్రలు మాత్రం దానికి దొరకలేదు. పక్కనున్న ఉద్యోగిని ఒక తడి గుడ్డ ఇచ్చి, వేళ్ళు తుడుచుకుని గట్టిగా నొక్కమని సైగ చేసింది. ఈసారి మెషిన్ ఒప్పుకుంది.

కస్టమ్స్‌లో తిండి గురించి అడిగారు. ఇంటి దగ్గర అమ్మ మామిడిపళ్ళు సర్దబోతే నేనే ఆపాను. పళ్ళు, కూరగాయలు, కరివేపాకు రెబ్బతో సహా ఏదీ తనిఖీ పత్రం లేకుండా లోపలికి రానివ్వరు. మే నెలలో ఇల్లు వదిలి, పండు ఒక్కటి కూడా లేకుండా రావడం నాన్నకి ఇంకా మింగుడుపడలేదు.

బయట హాల్లోకి రాగానే అసలు పని మొదలైంది. మా హోటల్ టోక్యోలోని అసకుసా అనే పేటలో. అక్కడికి వెళ్ళే దారులన్నీ నాన్న చేతిలో ఉన్న చిన్న నోటుబుక్కులో ఇంటి దగ్గరే ఎక్కాయి. ఆయన మనసు స్కైలైనర్ మీద ఉంది. కేసే కంపెనీ రైలు, గంటకి 160 కిలోమీటర్ల వేగం, బులెట్ రైళ్ళని పక్కన పెడితే జపాన్‌లో అంతకన్నా వేగంగా నడిచేది లేదు. నగరంలోని నిప్పోరి స్టేషన్‌కి 36 నిమిషాలు, ఆ తర్వాతి ఉఎనోకి ఇంకో అయిదు. టికెట్ రెండున్నర వేల యెన్‌ల పైన. జేఆర్, అంటే జపాన్ రైల్వేస్ వాళ్ళ నరిటా ఎక్స్‌ప్రెస్ టోక్యో స్టేషన్‌కి గంటలోపు తీసుకెళ్తుంది, మూడు వేల పైచిలుకు. బస్సు టోక్యో స్టేషన్ దగ్గర దించుతుంది, పదిహేను వందలు, ట్రాఫిక్ దయ. టాక్సీ ఇరవై వేల యెన్‌ల పైనే, ఆ మాట చెప్పగానే నాన్న ఆ గీతని పెన్నుతో కొట్టేశారు.

"స్కైలైనరే ఎక్కుదాం అమ్మాయ్. అంత దూరం వచ్చి పాసింజరు ఎక్కుతామా?"

"ఉఎనోలో దిగి పెట్టెలు మోసుకుంటూ ఇంకో స్టేషన్‌కి నడిచి మెట్రో మారాలి నాన్నా. అదే కేసే వాళ్ళ మామూలు రైలు, యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ అయితే తిన్నగా అసకుసాలోనే దింపుతుంది. గంట పడుతుంది, డబ్బులు దాదాపు సగం."

వేగం చూసుకుని రైలు ఎంచుకునేవాళ్ళు ఉంటారు, ధర చూసుకునేవాళ్ళు ఉంటారు. ఈ నగరంలో మాత్రం ఎక్కడ దిగుతాం, దిగాక ఎన్ని మెట్లు ఎక్కాలి అన్నదే ముందు చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. అరవై కిలోమీటర్లు కూర్చున్న చోటే కదిలిపోతాయి. పెట్టె బరువు తెలిసేది ఆఖరి నాలుగు వందల మీటర్లలో.

అందుకే పెద్ద పెట్టెని అక్కడే వదిలేశాం. అరైవల్ హాల్లో టక్యూబిన్ కౌంటర్లుంటాయి. నల్లపిల్లి తన పిల్లని నోట కరుచుకున్న బొమ్మ ఉంటే అది యమాటో కంపెనీది. వాళ్ళు 1976లో మొదలుపెట్టిన ఇంటింటి పార్సిల్ సేవ ఇది. హోటల్ పేరు, చిరునామా, గది ఎవరి పేరు మీద బుక్కయిందో రాసిచ్చాం. పెట్టెకి రెండు మూడు వేల యెన్‌లు, సైజుని బట్టి. మర్నాటికి చేరుస్తామన్నారు. కౌంటర్‌లోని ఆయన టేపుతో పెట్టె చుట్టుకొలత తీసి, చక్రాలు ఊడి లేవని మాకు చూపించి, హ్యాండిల్‌కి చీటీ కట్టి, రెండు చేతులతో రసీదు ఇచ్చారు. స్టేషన్లలో ముప్ఫై ఏళ్ళు లగేజి బుకింగులు చూసిన నాన్న ఆ రసీదుని వెనకా ముందూ తిప్పి చదివి, "పార్సిల్ ఆఫీసంటే ఇదీ" అన్నారు. జపనీస్ ఒక్క అక్షరం రాదు ఆయనకి.

ఇక డబ్బు వేసుకుని స్టేషన్ గేటు దగ్గర తాకించే కార్డులు. సుయికా గానీ పాస్మో గానీ ఏదైనా ఒకటే, రెండూ టోక్యో రైళ్ళన్నిటిలో, బస్సుల్లో చెల్లుతాయి. చిప్పుల కొరత వల్ల 2023లో వీటి అమ్మకం ఆపేశారు, 2025 మార్చిలో మళ్ళీ మొదలుపెట్టారు. డిపాజిట్ 500 యెన్‌లు, కార్డు తిరిగిస్తే వాపసు. సీనియర్ సిటిజన్ రాయితీ ఏమైనా ఉందేమో అడగమన్నారు నాన్న. అడిగాను. మనలాంటి యాత్రికులకి లేదు. "పోనీలే" అన్నారు గానీ ఆ పోనీలేలో చాలా ఉంది.

స్టేషన్ టెర్మినల్ కిందే, బేస్‌మెంట్‌లో. ఎర్రబోర్డుల వైపు జేఆర్, నీలం బోర్డుల వైపు కేసే. నిజానికి ఈ స్టేషన్ తవ్వింది బులెట్ రైలు కోసం. నరిటా షింకన్‌సెన్ అని ఒక పథకం ఉండేది, సగంలో ఆగిపోయింది. ఖాళీగా పడున్న సొరంగంలోకి 1991లో ఈ రెండు కంపెనీల పట్టాలు వచ్చాయి. అంతకుముందు కేసే స్టేషన్ కాస్త దూరంగా ఉండేది, దిగి బస్సెక్కి టెర్మినల్‌కి రావాల్సి వచ్చేది. ఇక్కడ జేఆర్ పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు, కేసేది 1435. ఒకే సొరంగంలో రెండు గేజులు పక్కపక్కన. నాన్న ప్లాట్‌ఫామ్ చివరిదాకా వెళ్ళి తొంగి చూసొచ్చారు.

రైలు బోర్డు మీద "హనేడా ఎయిర్‌పోర్ట్" అని వెలుగుతోంది.

"ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకేంటే? ఇది మనది కాదు, దిగు దిగు."

అదే మాది. ఈ రైలు కేసే పట్టాల మీద బయల్దేరి, ఒషియగె దగ్గర నగరపాలక సంస్థ సబ్‌వేలోకి దూరి, అసకుసా మీదుగా నగరాన్ని దాటి, అవతల కేక్యూ అనే ఇంకో కంపెనీ పట్టాలెక్కి, రెండో విమానాశ్రయమైన హనేడాలో ఆగుతుంది. ఇలా నడపడం కోసమే కేసే 1959లో తన లైనంతా గేజు మార్చుకుంది, 1372 నుంచి 1435కి. మరుసటి ఏడాది డిసెంబరులో సబ్‌వేతో కలిసింది. జపాన్‌లో ప్రైవేటు రైలు భూగర్భ రైలు పట్టాల మీదికి వెళ్ళడం అదే మొదలు. రైలెక్కబోయే కొత్తవాళ్ళకి ఇవేవీ తెలియక్కర్లేదు. హనేడా అని ఉంటే భయపడకుండా, యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ అవునా కాదా, అసకుసాలో ఆగుతుందా అని చూసుకుంటే చాలు. ఈ రైళ్ళు గంటకి ఒకటో రెండో మాత్రమే కాబట్టి టైము ముందే చూసుకోవాలి.

లోపల సీట్లు గోడవారగా పొడుగ్గా, మెట్రోలో ఉన్నట్టే. రిజర్వేషన్ లేదు. కొత్త బోగీల్లో పెట్టెలకి చోటు కోసం కొన్ని సీట్లు మడవచ్చు. కిటికీలోంచి చిబా పొలాలు. నాట్లు అయిపోయి నీళ్ళలో పచ్చగా నిలబడ్డ వరి. నాన్న కళ్ళు పొలాల మీద లేవు, మా బోగీ చివర కేబిన్‌లో ఉన్న గార్డు మీద ఉన్నాయి. ప్రతి స్టేషన్‌లో అతను తెల్ల గ్లవ్ వేసుకున్న చేత్తో ప్లాట్‌ఫామ్ వెంబడి చూపిస్తూ, పైకి ఏదో అంటూ, తలుపులు మూశాడు. ఎవరూ చూడకపోయినా వేలు చూపించాల్సిందే, పైకి అనాల్సిందే. కళ్ళూ నోరూ చెయ్యీ ఒకే పని మీద ఉంటే పొరపాట్లు తగ్గుతాయని ఈ పద్ధతి. ఒషియగెలో కేసే సిబ్బంది దిగి, సబ్‌వే సిబ్బంది ఎక్కారు. ఒకళ్ళకొకళ్ళు సెల్యూట్ కొట్టుకుని ఛార్జి అప్పగించుకోవడం, ఇదంతా అరనిమిషంలో అయిపోయింది. నాన్న వాచీ చూసుకుని "రైట్ టైమ్" అన్నారు.

ఆ తర్వాత రెండో స్టేషనే అసకుసా. హోటల్ వాళ్ళు పంపిన మెయిల్లో పనికొచ్చిన వాక్యం ఒకటే ఉంది: ఏ2బి ఎగ్జిట్ నుంచి రండి, లిఫ్టు అక్కడే. టోక్యోలో స్టేషన్ పేరు తెలిస్తే సగం చిరునామా తెలిసినట్టు, మిగతా సగం ఎగ్జిట్ నెంబరు. పసుపు బోర్డుల మీద బాణాలు చూసుకుంటూ, దగ్గర్లో ఊరిస్తున్న మెట్ల వైపు వెళ్ళకుండా, లిఫ్టు దాకా నడిచాం. పైకి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. మధ్యలో చిరునామా మళ్ళీ చూసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ చాలా వీధులకి పేర్లుండవు. పేట, దానిలో ఛోమె అనే భాగం, అందులో బ్లాకు, ఆపైన ఇంటి నెంబరు. ఆ నెంబర్లు కూడా వరసలో ఉండాలని లేదు. ఫోన్‌లో మ్యాప్ లేని రోజుల్లో జనం ఎలా తిరిగారో!

రిసెప్షన్‌లో పాస్‌పోర్టులు ఫోటోకాపీ తీసుకున్నారు, విదేశాల నుంచి వచ్చే అతిథులకది నియమం. గది తలుపు తీశాక నాన్న మొదటి ప్రశ్న, "పెద్ద పెట్టె వస్తే ఎక్కడ పెడతాం?" సరైన ప్రశ్న. మంచానికీ గోడకీ మధ్య చిన్నపెట్టె తెరిస్తే ఇక నడవడానికి చోటు లేదు.

శుక్రవారం

మధ్యాహ్నానికి పెట్టె రిసెప్షన్‌లో ఉంది.

పొద్దున్నే చేతులూపుకుంటూ స్టేషన్ చుట్టూ తిరిగాం. అసకుసా పేరుతో నాలుగు స్టేషన్లున్నాయి. మేం దిగిన సబ్‌వే ఒకటి. గిన్‌జా లైను రెండోది. అది 1927 డిసెంబరు 30న ఉఎనో, అసకుసాల మధ్య మొదలైంది, ఆసియాలో మొదటి భూగర్భ రైలు. మూడోది నిక్కోకి వెళ్ళే టోబు వాళ్ళది. ఈ మూడూ పక్కపక్కనే. నాలుగోది సుకుబా ఎక్స్‌ప్రెస్ వాళ్ళది, పేరు అదే అయినా సెన్సోజీ అనే పెద్ద బౌద్ధ గుడికి అవతలి వైపు, నడిస్తే పది నిమిషాలు. హోటల్ సైట్లలో "అసకుసా స్టేషన్ నుంచి రెండు నిమిషాలు" అని కనబడితే, ఏ అసకుసా అని అడగాలి. మా హోటల్లోనే దిగిన ఒక కుటుంబం రాత్రి చక్రాల పెట్టెలు లాక్కుంటూ ఆ నాలుగోదాన్నుంచే వచ్చారని తెలిసింది. పిల్లలు ఇంకా లేవలేదట.

మేం వచ్చింది సాన్‌జా పండగ వారం అని బుక్ చేసుకున్నాకే తెలిసింది. మే నెల మూడో వారాంతంలో మూడు రోజులు చేస్తారు. మధ్యాహ్నం ఊరేగింపు వెళ్తుంటే కమినరిమోన్ ద్వారం దగ్గర, ఆ పెద్ద ఎర్రలాంతరు కింద, జనంలో నిలబడిపోయాం. నాన్న అక్కడున్న చిన్న పోలీసు ఔట్‌పోస్టులోకి వెళ్ళి, నా చేత అడిగించిన సంగతి మాత్రం ఇది: రేపూ ఎల్లుండీ ఏ వీధులు మూస్తారు? రేపు రాత్రి అమ్మ, తమ్ముడు దిగుతున్నారు మరి. ఆ కానిస్టేబుల్ మ్యాప్ తీసి, మూసే రోడ్లు వేలితో గీసి చూపించాడు. సాయంత్రమయ్యాక తెరుస్తారట.

శనివారం

పగలంతా పండగే. పేట పేటకీ ఒక మికోషి, అంటే దేవుణ్ణి కూర్చోబెట్టి భుజాల మీద మోసే మందిరం. మన పల్లకీసేవలాగే అనుకోవచ్చు, కాకపోతే వీళ్ళు కావాలని ఊపేస్తారు. ఇలాంటివి వందదాకా వీధుల్లోకి వస్తాయి. మా హోటల్ ముందు రోడ్డు సాయంత్రం దాకా కార్లకి బంద్. ఆ టైములో ఎవరైనా టాక్సీలో వచ్చుంటే చాలా దూరంలోనే దింపేసి ఉండేవాడు.

తమ్ముడికి సెలవు కుదరక, అమ్మని తీసుకుని సింగపూర్ మీదుగా వస్తున్నాడు. వాళ్ళ విమానం దిగేది నరిటాలో కాదు, హనేడాలో. హనేడా అఖాతం ఒడ్డునే, నగరానికి పదిహేను కిలోమీటర్ల లోపు. మా లైనులోనే రెండో కొస కాబట్టి, రాత్రి తొమ్మిదిన్నరకి అసకుసాలో ఎక్కి మారకుండా వెళ్ళిపోయాం. టెర్మినల్ 3లో అరైవల్ హాలు, కేక్యూ రైలు గేటు ఒకే అంతస్తులో, ఎదురెదురుగా ఉంటాయి. ఇంత సులువైన విమానాశ్రయం నేనింకోటి చూడలేదు. పగలు దిగేవాళ్ళు నరిటా, హనేడాల్లో ఎంచుకునే వీలుంటే, టికెట్ కాస్త ఎక్కువైనా హనేడానే తీసుకోమంటాను.

కానీ అది పగటి మాట. టోక్యోలో రాత్రంతా రైళ్ళుండవు. అర్ధరాత్రి దాటగానే ఒక్కో లైనూ మూసేస్తారు, మళ్ళీ పొద్దున అయిదు ప్రాంతంలోనే. అందులోనూ పదకొండు దాటితే తిన్నగా వెళ్ళే రైళ్ళు పలచబడి, మధ్యలో దిగి మారాల్సినవే మిగులుతాయి. విమానం పదిన్నరకే దిగింది. ఇమిగ్రేషన్ క్యూ పెద్దది. వాళ్ళు బయటికొచ్చేసరికి పన్నెండుకి పావు తక్కువ.

నాన్న నోటుబుక్కు తీశారు. ఆఖరి రైలు ఎన్నింటికో, ఎక్కడ మారాలో, అంతా రాసుంది.

"పరిగెత్తకుండా నడిస్తే అందుతుంది" అన్నారు.

అమ్మ ఆయన వంక చూడలేదు, నా వంక చూసింది. "నా మోకాళ్ళ సంగతి మీ నాన్నకి చెప్పవే. టాక్సీ లేదా ఈ ఊళ్ళో?"

కింది అంతస్తులో టాక్సీ క్యూ. ఇక్కడ మోసం జరుగుతుందన్న భయం అక్కర్లేదు. హనేడా నుంచి నగరంలోని వార్డులకి స్థిరమైన రేట్లు ఉన్నాయి, ఎక్కేముందే అడిగి ఖాయం చేసుకోవచ్చు. రాత్రి పది నుంచి పొద్దున అయిదు దాకా ఛార్జీ ఎక్కువ. ఎక్స్‌ప్రెస్‌వే టోల్ అదనం. మాకు అన్నీ కలిపి పదివేల యెన్‌ల చుట్టుపక్కల అయింది, నలుగురికి. టిప్పు ఇవ్వరు, ఇచ్చినా తీసుకోరు. హోటల్ చిరునామా జపనీస్‌లో ఉన్న కార్డు చూపించాను. డ్రైవరు దాని మీదున్న ఫోన్ నెంబరు నావిగేషన్‌లో కొట్టాడు, దారి వచ్చేసింది. పేరు ఎలా పలకాలన్న తిప్పలు లేవు.

తమ్ముడు అలవాటుగా వెనక తలుపు లాగబోయాడు. "రేయ్, ముట్టుకోకు" అని నాన్న హెచ్చరించారు. తలుపు డ్రైవరు మీట నొక్కితే తెరుచుకుంటుంది, తనే మూసుకుంటుంది. వచ్చి మూడు రోజులు కాలేదు, ఆయన అప్పుడే ఊరివాడైపోయారు. డిక్కీలో రెండు పెట్టెలే పట్టాయి. మూడోది ముందుసీటులో కూర్చున్న తమ్ముడి ఒళ్ళో.

రోడ్డు ఖాళీ. కొమగటా దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే దిగి, సుమిదా నది మీద వంతెన దాటి హోటల్ ముందు ఆగేసరికి అరగంట పట్టింది. రైలెక్కుంటే అప్పటికి ఇంకా ఏదో ప్లాట్‌ఫామ్ మీద ఉండేవాళ్ళం. ఆ మాట నాన్నే అన్నారు, నోటుబుక్కు చూసి లెక్క కట్టి మరీ.

ఆదివారం

పొద్దున ఆరుకే సెన్సోజీ పక్కనున్న అసకుసా షింటో మందిరంలోంచి పెద్ద మికోషిలు మూడూ బయటికి తీశారు. నాన్న, తమ్ముడు చూడ్డానికి వెళ్ళారు. అమ్మ లేవలేదు. మన టైము ఇక్కడికంటే మూడున్నర గంటలు వెనక, ఆవిడ ఒంట్లో అప్పటికి ఇంకా రెండున్నర.

తిరుగు ప్రయాణం మళ్ళీ నరిటా నుంచి. పెట్టెలు ముందే పంపేయొచ్చా అని రిసెప్షన్‌లో అడిగాను. పంపొచ్చు, కానీ నరిటాకైతే విమానానికి రెండు రోజుల ముందు ఇస్తే నిశ్చింత అన్నారు. కౌంటర్లో తీసుకోవాల్సిన టెర్మినల్ నెంబరు, విమానం టైము చీటీ మీద రాయాలట. చీటీలు తెచ్చి నాన్న చేతికిచ్చాను. మంగళవారం పొద్దున ఇవ్వాల్సినవి ఇప్పుడే నింపేశారు. అమ్మ పెట్టెకి మాత్రం చీటీ కట్టనివ్వలేదు, ఇంకా కొనాల్సినవి చాలా ఉన్నాయంది.